వాగు మీద విరిగిన రొట్టె

మా అన్న హమ్రాకుల్ ఏ వస్తువునైనా ముందు వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గరగా పెట్టి వింటాడు. పుచ్చకాయని అందరూ అలా కొట్టి చూస్తారు. ఆయన రొట్టెని కూడా కొడతాడు, అడుగు సరిగా కాలిందో లేదోనని. కొత్త తలుపుని కొడతాడు. ఒకసారి మా మేనత్త ఇంటికి పెళ్ళికూతురు వాళ్ళు పంపిన కేకుని కూడా కొట్టి చూశాడు. మేనత్త ఇప్పటికీ ఆ సంగతి మర్చిపోలేదు.

కాసాన్‌సాయ్‌ అనే మా ఊళ్ళో పసిపిల్లల ఉయ్యాలలు చేసే కుటుంబాల్లో మాదొకటి. మా ఉయ్యాల వంపు తిరిగిన కాళ్ళ మీద నేల మీదే ఊగుతుంది. పైన అడ్డంగా ఒక పొడుగాటి కర్ర ఉంటుంది. తల్లి దాన్ని పట్టుకునే బిడ్డ మీదికి వంగి పాలిస్తుంది. నాన్న పోయాక కర్రని తిప్పి చెక్కే లేత్ మిషను అన్న చేతికొచ్చింది. నేను వెల్డింగ్ పట్టుకున్నాను. వాగు మీద కూర్చోడానికి వేసే చెక్క మంచెలకి ఇనప కాళ్ళు చేసి అమ్ముతాను.

అన్నకి ఈ అనుమానం పుట్టుకతో రాలేదు. మిషను తన చేతికొచ్చిన కొత్తలో ఎండిన మల్బరీ అని చెప్పి ఎవడో పచ్చి కర్ర అంటగట్టాడు. అన్న వాడి మాట నమ్మి ఉయ్యాల చేశాడు. చలికాలం వచ్చేసరికి కర్ర వంకర తిరిగింది, ఊపినప్పుడల్లా కీచుమని అరిచింది. బిడ్డ నాయనమ్మ ఆ ఉయ్యాల నెత్తిన పెట్టుకుని వచ్చి, వీధి వీధంతా చూస్తుండగా మా గుమ్మంలో దించి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి అన్న ప్రతి ఉయ్యాలలోనూ అంచుదాకా నీళ్ళు పోసిన గిన్నె పెట్టి ఊపుతాడు. చుక్క తొణికితే అది గుమ్మం దాటదు. పై కర్రని చెంపకి రాసుకుని చూస్తాడు. చేతికి తెలియని పేడు చెంపకి తెలుస్తుందంటాడు.

ఆయనకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కొడుకులకి మిషను దగ్గర దుమ్ము పడదు. కూతురు ముయస్సర్ మాత్రం బడి అయిపోయినప్పటి నుంచి అక్కడే కూర్చుంటుంది. గిలక్కాయలు, రొట్టెల మీద గుచ్చే అచ్చుల పిడులు, చిన్నాచితకా అన్నీ ఆమే చేసి రంగులేస్తుంది. ఉయ్యాల మాత్రం అన్న ఆమె చేతికివ్వడు. "ఇంకో రెండేళ్ళు. చెయ్యి కుదరాలి" అంటాడు. మా ఊళ్ళో పద్దెనిమిది దాటిన పిల్లకి రెండేళ్ళు ఎవరిస్తారు? పెళ్ళి మాటలకి వచ్చినవాళ్ళని అన్న గుమ్మంలోనే తిప్పి పంపేవాడు. పిల్ల వెళ్ళిపోతే మిషను ముందు కూర్చునేవాళ్ళు లేరు, తాత నాటి పని తనతో ఆగిపోతుంది. ఏదో ఒక రోజు వదిన తనకి చెప్పకుండా సంబంధం ఖాయం చేసేస్తుందని ఆయనకి గట్టి అనుమానం.

ఆ ఏడు ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం అన్న నా షెడ్డులోకి వచ్చి, నేను అప్పుడే అతికిన మంచె కాలుని వేలితో కొట్టి చూశాడు.

"ఒరే తోజీ, ఆదివారం వాగుకి వెళ్దామంటోంది మీ వదిన."

"వెళ్దాం అన్నా. పిల్లలు ఎండకి మాడిపోతున్నారు."

"పై మలుపు దగ్గరికట."

"అక్కడ నీళ్ళు ఇంకా చల్లగా ఉంటాయి."

"ఇన్నేళ్ళూ కింది వంతెన దగ్గరికేగా వెళ్ళాం? ఇప్పుడు పై మలుపు ఎందుకు? ఆ చోటు గురించి దానికెవరు చెప్పారు?"

"నేనే చెప్పుంటాను. అక్కడి మంచెలకి కాళ్ళు వేసింది నేనేగా."

అన్న నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "అయితే నువ్వూ ఉన్నావా ఇందులో?"

"ఎందులో?"

"అదే తేలాలి" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున్న మా చిన్న వ్యానులో సామాను సర్దుతున్నాం. పలావుకి ఇనప మూకుడు, మాంసం, కేరట్లు, రెండు పుచ్చకాయలు, టీ కెటిళ్ళు, మంచె మీద పరుచుకునే బొంతలు. అన్న ప్రతి మూటా ఎత్తి చూసి లోపల పెడుతున్నాడు. బొంతల మూట దగ్గర ఆగిపోయాడు.

"ఇనాయత్, ఇదేంటి ఇంత బరువుంది?"

"బొంతలండీ" అంది వదిన.

"ఇవే బొంతలు పోయినసారి నేనే మోశాను. ఇంత బరువు లేవు."

"పోయినసారి మీకు ఇంకా వయసుంది."

నేను నవ్వాను. అన్న నవ్వలేదు. మూటని వేలితో కొట్టబోయాడు గానీ అంతలో పిల్లలు తోసుకుంటూ దాని మీదికెక్కి కూర్చున్నారు. నా కూతురు బర్నో, ఐదేళ్ళది, మూట నడినెత్తిన కాళ్ళు చాపుకుని కూర్చుంది.

దారిలో అన్న నా చెవిలో అన్నాడు: "ముయస్సర్ చేతులు చూశావా? పొద్దున్నుంచి నిమ్మచెక్కతో రుద్దుకుంటోంది. గోళ్ళలో రంగు పోవాలట. ఆదివారం వాగుకి వెళ్ళే పిల్లకి గోళ్ళతో ఏం పని?"

"రంగు పని చేసే పిల్ల. శుభ్రంగా ఉండాలనుకోదా?"

"నాలుగేళ్ళుగా అనుకోలేదు."

పై మలుపు దగ్గర వాగు వెడల్పుగా, లోతు తక్కువగా పారుతుంది. మంచెలన్నీ నీళ్ళ మీదే. అంచున కూర్చుంటే మడమలు తడుస్తాయి. మేం దిగగానే పిల్లలు బట్టలతోనే నీళ్ళలో పడ్డారు. పుచ్చకాయల్ని వలసంచిలో కట్టి వాగులో వదిలాను. ఒడ్డున రాళ్ళ పొయ్యి పెట్టి పలావు మొదలుపెట్టాను. వాగు దగ్గర వంట మగవాళ్ళ పని. నాకు చేతనైన రెండు పనుల్లో అదొకటి. అన్న మంచె నాలుగు కాళ్ళూ కొట్టి చూసి, నాలుగో దాని దగ్గర ముఖం చిట్లించి, అయినా ఎక్కి కూర్చున్నాడు.

వదిన బొంతలు పరిచింది. మూటలో ఒక బొంత మాత్రం విప్పకుండా తన వీపు వెనకాల పెట్టుకుంది. అన్న అది చూశాడు. ఆయన చూశాడని నేను చూశాను. అంతలో వదిన చెంప మీద చెయ్యేసుకుని, "అయ్యో, రొట్టెల బుట్ట గుమ్మంలోనే ఉండిపోయింది!" అంది.

"పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎప్పుడైనా రొట్టె మర్చిపోయావా?" అని అడిగాడు అన్న నెమ్మదిగా.

"మీరు మూటలన్నీ తడుముతుంటే ఏది ఎక్కిందో ఏది దిగిందో ఎవరికి తెలుసు?"

అన్న నా దగ్గరికొచ్చి పొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాడు. కేరట్లు వేగుతున్నాయి. చూపు మాత్రం పక్క మంచె మీద ఉంది.

"అటు చూడకుండా చూడు. ఇద్దరు ఆడవాళ్ళు. పిల్లలున్నారా?"

"లేరు."

"పుచ్చకాయ?"

"కనబడ్డంలేదు."

"ఈ ఎండల్లో పిల్లలు లేకుండా, పుచ్చకాయ లేకుండా వాగుకి ఎవరొస్తారు తోజీ? వాళ్ళు నీళ్ళు చూట్టానికి రాలేదు."

నిజంగానే వాళ్ళు నీళ్ళు చూడటంలేదు. పెద్దావిడ తెల్ల చున్నీ కప్పుకుని ముయస్సర్ వైపే చూస్తోంది. పిల్ల టీ పోస్తుంటే చేతుల వైపు చూస్తోంది. ఆవిడ పక్కనున్నామె, బహుశా చెల్లెలు, ఏమీ మాట్లాడకుండా ఇటూ అటూ మనుషుల్ని కనిపెడుతోంది. పొగ వేసే ముసలామె దిష్టికి ఆకు కాలుస్తూ మంచెల మధ్య తిరుగుతుంటే, పెద్దావిడ పిలిచి తలచుట్టూ మళ్ళీ మళ్ళీ తిప్పించుకుంది.

"ఏదో శుభకార్యం తలపెట్టినవాళ్ళే అలా తిప్పించుకుంటారు" అన్నాడు అన్న. ఈసారి నాకూ గట్టిగా కొట్టిపారేయాలనిపించలేదు.

కొంచెంసేపటికి ఆ చెల్లెలు లేచి, మా మంచె అంచున ఒక గుడ్డ మూట పెట్టి, తలవంచి వెళ్ళిపోయింది. వదిన విప్పింది. రెండు రొట్టెలు, ఒకదాని మీద ఒకటి. నెయ్యి రాసి కాల్చినవి, అద్దంలా మెరుస్తున్నాయి.

మాలో పెళ్ళి మాటలకి వచ్చేవాళ్ళు ఇలాగే జత రొట్టెలు తెస్తారు. పిల్ల తరఫువాళ్ళు పెద్దల ఎదుట ఆ రొట్టె విరిస్తే సంబంధం ఖాయమైనట్టే. ఆ తర్వాత కాదంటే పరువు దక్కదు. వాగు దగ్గర పక్కవాళ్ళు తినేది పంచుకోవడం మామూలే, కానీ ఎవరైనా గిన్నెడు పలావు పంపుతారు, నాలుగు పుచ్చకాయ ముక్కలు పంపుతారు. జత రొట్టెలు ఎవరూ పంపరు.

"ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు అన్న.

"పిల్లలకి ఆకలేస్తోందండీ. రొట్టేగా" అంది వదిన.

"రొట్టె అని నాకూ తెలుసు. పలావు ఉడికేదాకా ఆగుతారు."

ఆయన పై రొట్టె తీసి అలవాటుగా కొట్టబోయి ఆగాడు. మధ్యలో ఉన్న గుచ్చుల వరస కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. రొట్టె నడుమ పొంగకుండా మేకుల అచ్చుతో గుచ్చుతాం కదా, ఆ అచ్చులు చేసేదీ మా ఇంట్లోనే. అన్న ఎప్పుడూ ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు దిగేస్తాడు. ఈ రొట్టె మీద వలయాలు లేవు. నడుమ నుంచి మొదలై బయటికి తిరుగుతూ పోయే సుడి ఉంది. ఎక్కడా చుక్క చెదరలేదు.

"తోజీ, ఈ ఊళ్ళో సుడి వేసేవాళ్ళెవరు?"

నాకు తెలిసి ఎవరూ లేరు. ముయస్సర్ మాత్రం టీ కెటిల్ మూత తీసి లోపల ఏదో పోయినట్టు వెతుకుతోంది.

అన్న నన్ను ఒడ్డుకి లాక్కెళ్ళాడు. ముఖం ఎర్రబడింది. "అర్థమైందా? అచ్చు మన ఇంటి నుంచి వెళ్ళింది. రొట్టె వాళ్ళింటి నుంచి వచ్చింది. రాకపోకలు ఎప్పుడో మొదలయ్యాయి. ఇక మిగిలింది విరవడమే. నా ఎదుటే పిల్లల చేత విరిపించాలని రొట్టెల బుట్ట గుమ్మంలో వదిలేసి వచ్చింది. ఆ వీపు వెనకున్న బొంతలో ఏముందనుకున్నావ్? వాళ్ళకి పెట్టే బట్టలు!"

"బట్టలు అంత బరువుంటాయా?"

"ఎన్ని పెట్టిందో ఏమో."

తిరిగొచ్చి రొట్టెల్ని మంచె నడుమ పెట్టి, తలమీది టోపీ తీసి వాటి మీద బోర్లించాడు. దాని పక్కనే కాపలా కూర్చున్నాడు. అటువైపు ఇద్దరూ ఇటే చూస్తున్నారు. వదిన పెదవులు బిగించింది. ముయస్సర్ తండ్రికి టీ ఇస్తే ఆయన గిన్నెలోకి తొంగిచూసి తాగాడు.

నేను మూకుడు మీద పళ్ళెం మూసి, బియ్యం మగ్గడానికి వదిలి, "పుచ్చకాయ తీద్దాం రా అన్నా, ఇది చల్లబడిందో లేదో కొట్టి చెప్పు" అన్నాను. పుచ్చకాయ అనేసరికి ఆయన ఆగలేకపోయాడు. వంగి వలసంచి లాగాడు. అంతే, ఆ కాసేపే.

వెనక నుంచి బర్నో గొంతు వినిపించింది. నోటినిండా ఏదో ఉంది.

"పెదనాన్నా, నీ టోపీ కింద రొట్టె దాచుకున్నావెందుకు?"

తిరిగి చూస్తే నీళ్ళు కారుతున్న బట్టలతో అది మంచె నడుమ నిలబడి ఉంది. ఒక చేతిలో సగం రొట్టె, రెండో చేతిలో సగం రొట్టె. పెదనాన్న టోపీ దాని నెత్తిన ఉంది.

పుచ్చకాయ అన్న చేతిలోంచి జారి వాగులో పడింది.

పక్క మంచె మీద పెద్దావిడ లేచి నిలబడింది. చెప్పులేసుకుని, నీళ్ళలోంచే నడుచుకుంటూ మా వైపు వచ్చింది. అన్న ఎదురెళ్ళాడు. మోకాళ్ళదాకా తడిసిపోతున్నా చూసుకోలేదు.

"అమ్మా, పసిపిల్ల విరిచింది. పెద్దవాళ్ళెవరూ విరవలేదు. ఇది లెక్కలోకి రాదు. మా అమ్మాయిని మేం ఇప్పుడే ఇవ్వడంలేదు."

"ఎవరిని ఇవ్వడం?" అంది ఆవిడ.

"ముయస్సర్‌ని."

"ఎవరికి?"

"అది మీరు చెప్పాలి!"

ఆవిడ నాలుగువైపులా చూసి గొంతు తగ్గించింది. "నెమ్మదిగా నాయనా. ఉయ్యాలలు చేసేవాడివి, ఇంత గట్టిగా అరిస్తే వాటిల్లో పిల్లలెలా నిద్రపోతారు?"

వదిన ఆవిడ చేయి పట్టుకుని మంచె మీద కూర్చోబెట్టింది. ఆవిడ పేరు సాలిహా అట. రొట్టెలు కాల్చి అమ్ముతుంది. ఒక్కగానొక్క కూతురు. పెళ్ళై పన్నెండేళ్ళకి ఇప్పుడు కడుపుతో ఉంది. అది కూడా పెదవులతోనే చెప్పింది, గొంతు బయటికి రానివ్వలేదు. మాలో మొదటి ఉయ్యాల పెట్టాల్సింది పిల్ల తల్లే. కానీ బిడ్డ పుట్టకముందు ఉయ్యాల సంగతి ఎత్తితే దిష్టి.

"నేను మీ గుమ్మం తొక్కానంటే చాలు, సాయంత్రానికి వీధంతా వేళ్ళు మడిచి నెలలు లెక్కపెడుతుంది" అంది సాలిహా. "పుట్టాక చెప్తే మంచి పని అందుకోలేం. అందుకని వాగు దగ్గర కలుద్దామన్నాను. మీ ఇంటావిడ మంచిది, సరేనంది. రొట్టెలు పంపింది నీ కూతురికి. నా అచ్చు ఎంత బాగా పడుతోందో చూసుకుంటుందని. ఒక్కటే పంపితే బాగుండదని రెండు పెట్టాను."

"ఆ అచ్చు చేసింది..."

"నీ కూతురే. నాక్కావలసింది ఆ చెయ్యే. నా మనవడి ఉయ్యాల పై కర్ర ఆ చెయ్యి తిప్పాలి."

అన్న తడిసిన బట్టల అంచు పిండుకున్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పడమంటే కబురుని కూడా వేలితో కొట్టి, ఆ చప్పుడు వీధంతా వినిపించడమేగా! ఈ రోజు ఏం చేశారు?"

నేను పొయ్యి వైపు తిరిగి నవ్వుకున్నాను.

"మూట విప్పు" అన్నాడు అన్న.

వదిన వీపు వెనకున్న బొంత విప్పింది. లోపల ఉయ్యాల పై కర్ర, గట్టి ఆప్రికాట్ కర్రతో చేసింది. ఎర్రగా, పసుపుగా రంగు చారలు, రెండు చివర్లా చిన్న సుడి. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. ముయస్సర్ నిమ్మచెక్కతో రుద్దుకున్న రంగు ఇదేనన్నమాట. వదినకి రొట్టెల బుట్ట ఎందుకు గుర్తులేదో కూడా అర్థమైంది. ఈ కర్ర ఎవరి కంటా పడకుండా వ్యాను ఎక్కించడానికే ఆమె బుర్రంతా సరిపోయింది.

అన్న తడిచేతులు చొక్కాకి తుడుచుకుని కర్ర అందుకున్నాడు. కణుపుతో కొట్టి విన్నాడు. ఒక కన్ను మూసి పొడుగునా చూశాడు. గడ్డం ఒకవైపు ఒత్తి, చెంపకి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరదాకా మెల్లగా జరిపాడు. మళ్ళీ రెండో చెంపకి. పేడు దొరుకుతుందేమోనని ఆయన చెంప వెతుకుతున్నట్టే ఉంది. ముయస్సర్ మిషను దగ్గరే ఉండాలని ఇన్నాళ్ళూ కాపలా కాసినవాడు, ఆ పిల్ల ఎంత దూరం వచ్చిందో చూసుకోలేదు.

"ఈ చివర గరుకు కాగితం పట్టలేదు" అన్నాడు చివరికి.

"పట్టిస్తాను నాన్నా."

"వంపు కాళ్ళు నేను చేస్తాను. దానికి చెయ్యి కుదరాలి."

"కాళ్ళు కూడా అయ్యాయి నాన్నా" అంది ముయస్సర్. "మీరు అమ్మకానికి పెట్టిన ఉయ్యాలల వెనకాల ఉన్నాయి. పాత కర్రతో బిగించి, నీళ్ళ గిన్నె పెట్టి ఊపాను. తొణకలేదు."

"ఎంత పోశావు?"

"మీరు పోసేంత."

"ఏ గిన్నె? లోపలికి అంచు తిరిగినదా?"

"తిరగనిదే."

"నేల చదునుగా ఉందా?"

"మీరు పెట్టే చోటే పెట్టాను నాన్నా."

ఆయన ఇంకేదో అడగబోయి, అడగడానికేమీ దొరక్క, నా వైపు చూశాడు. నేను పలావు మూత తీశాను.

సాలిహా విరిగిన రొట్టె ముక్క ఒకటి తీసుకుని అన్న ముందు పెట్టింది. "రొట్టె విరిగింది కదా నాయనా. ఇక మాట తప్పకూడదు. ఉయ్యాల నీ కూతురే చెయ్యాలి."

అన్న ఆ ముక్క తీసుకున్నాడు. "ఉయ్యాలకే విరిగింది. ఇంకదేనికీ కాదు. ఒరే తోజీ, నువ్వే సాక్షి."

"నాకు మగపిల్లలు లేరులే, భయపడకు" అంది ఆవిడ.

అందరం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తిన్నాం. జారిపోయిన పుచ్చకాయని కింది మంచెవాళ్ళు పట్టి, సగం కోసుకుని సగం పంపారు. బర్నో టోపీ తిరిగివ్వలేదు. సాలిహా చెల్లెలు కూడా వచ్చి కూర్చుంది. నిండుగా తింది, ముయస్సర్ పోసిన టీ మూడుసార్లు అడిగి తాగింది, ఒక్క మాటా మాట్లాడలేదు.

ముద్ద నోటి దగ్గర ఆపి అన్న సాలిహాని అడిగాడు. "మీ చెల్లెలికి?"

"ఒకడున్నాడు" అంది సాలిహా. చెల్లెలు తల వంచుకుని పళ్ళెంలో మెతుకులు ఏరుకుంది.

మర్నాడు అన్న నన్ను పిలిచి, మిషనుకి రెండో పీట పక్కగా బిగించమన్నాడు. కిటికీ వైపు, వెలుతురు పడేచోట. బిడ్డ చలికాలంలో పుట్టింది, ఆడపిల్ల. మనవడంటూ మాట్లాడిన సాలిహా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఉయ్యాలని దుప్పటి కప్పి పంపేముందు అన్న నీళ్ళ గిన్నె తనే పెట్టి ఊపాడు. తర్వాత వేరే గిన్నె తెచ్చి మళ్ళీ ఊపాడు. తర్వాత గిన్నెనే కొట్టి చూశాడు.

ఈ వేసవికి మళ్ళీ కింది వంతెన దగ్గరికే వెళ్ళాం. ఇప్పుడు రొట్టెల బుట్ట అన్నే మోస్తాడు. మంచె మీద పెట్టి టోపీ బోర్లిస్తాడు. ముయస్సర్ చేతికి కొత్త రంగు ఉంది, నిమ్మచెక్క ఊసే లేదు. ఆ చెల్లెలు ఇంతవరకూ మా వైపు రాలేదు. రాకపోవడమే ఆయనకి అనుమానంగా ఉంది.